వలస వచ్చినవాళ్ల మీద జనం అభిప్రాయం ఎందుకు ఇంతలా ఊగుతుంది?

తీరందాటి
ఒక గ్రాఫ్ చూసినప్పటి నుంచి బుర్రలో పురుగు తొలుస్తోంది. అమెరికాలో గాలప్ సంస్థ 1965 నుంచి జనాన్ని ఒకటే ప్రశ్న అడుగుతూ వస్తోంది: వలసలు పెరగాలా, తగ్గాలా, ఇప్పుడున్నట్టే ఉండాలా అని. 1990ల మధ్యలో తగ్గాలన్నవాళ్లు 65 శాతం. 2020కి వచ్చేసరికి పెరగాలన్నవాళ్లు 34, తగ్గాలన్నవాళ్లు 28. పెరగాలన్నవాళ్లది పైచేయి కావడం ఆ సర్వేలో అదే మొదటిసారి. నాలుగేళ్లు తిరిగేసరికి, 2024లో, తగ్గాలన్నవాళ్లు 55 శాతం అయ్యారు. మరుసటి ఏడాదికి మళ్లీ 30కి పడిపోయారు.

మనిషి నమ్మకాలు ఇంత త్వరగా మారతాయా? ఉద్యోగాల భయమా, భాషా సంస్కృతుల గొడవా, టీవీ వాళ్ల పుణ్యమా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. తిట్టుకోవద్దని ముందే మనవి.

సూటిమాట
ఇందులో పెద్ద రహస్యం ఏముందండీ. పని దొరికినంత కాలం పక్కవాడు మంచివాడే. పని పోతే వాడే దొంగ. డబ్బు సంగతి చూస్తే మిగతాదంతా అర్థమైపోతుంది.

లెక్కల మాస్టారు
నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాడిని సూటిమాట గారూ, కానీ డేటా అంత సాఫీగా ఒప్పుకోదు. జెన్స్ హైన్‌ముల్లర్, డేనియల్ హాప్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని 2014లో ఒక సమీక్ష రాశారు. 'నా ఉద్యోగం పోతుంది' అన్న సొంత భయానికి ఆధారాలు చాలా బలహీనం. 'దేశానికి నష్టం', 'మన పద్ధతులు చెడిపోతాయి' అన్న భయాలకే బలం ఎక్కువ.

ఇంకో సంగతి. సొంత ఉద్యోగ భయమే అసలు కారణమైతే ఇంజినీరు ఇంజినీర్లను వద్దనాలి, కూలీ కూలీలను వద్దనాలి. ఆ ఇద్దరు పరిశోధకులే అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. ఊహించిన వలసదారుల వివరాలు జంటలుగా చూపించి, ఎవరిని రానిస్తారని అడిగారు. చదువున్నవాళ్లు, తక్కువ చదివినవాళ్లు, రెండు పార్టీల వాళ్లూ దాదాపు ఒకే రకం మనిషిని ఎంచుకున్నారు. బాగా చదువుకుని, ఇంగ్లీషు వచ్చి, చేతిలో మంచి ఉద్యోగం ఉన్నవాణ్ణి. డాక్టరు కూడా డాక్టరు వద్దని అనలేదన్నమాట.

రేవు కబుర్లు
మాస్టారూ, సర్వేలో పెన్సిల్ పట్టుకుని టిక్కు పెట్టడం వేరు, రేవులో బస్తా మోయడం వేరు. మన తెలుగువాళ్లే పరాయివాళ్లుగా నిలబడిన ఒక ఘట్టం చెప్తాను.

1930 నాటికి బర్మా రాజధాని రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవు పని దాదాపు అంతా తెలుగు కూలీల చేతిలో ఉండేది. ఆ ఏడాది మే నెలలో కూలి పెంచమని వాళ్లు సమ్మె కట్టారు. ఓడల సరుకు దింపించే కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను తెచ్చి పెట్టాయి. సమ్మె తెగింది, పాతవాళ్లు తిరిగి పనిలోకి వచ్చారు, బర్మా వాళ్లను ఇక పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే.

అదే సమయంలో ప్రపంచమంతా మాంద్యం. బియ్యం ధర కుప్పకూలింది, బర్మా రైతులు అప్పు తీర్చలేక పొలాలు పోగొట్టుకున్నారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో, తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 1930లో ఆరు శాతం, 1938కి పాతిక శాతం. 1938లో మళ్లీ అల్లర్లు. డబ్బుతో సంబంధం లేదంటే ఎలా నమ్మమంటారు?

సూటిమాట
అదీ! రేవు కబుర్లు గారికి దండం.

లెక్కల మాస్టారు
సంబంధం లేదని నేననలేదు. మీ కథలోనే చూడండి. కూలి పెంచనన్నది కంపెనీ, పనిలో పెట్టింది కంపెనీ, పొమ్మన్నదీ కంపెనీయే. దెబ్బలు తిన్నది మాత్రం రెండువైపులా కూలీలు. పైగా పాలించేవాడు ఇంకోడు, బ్రిటిష్‌వాడు, వాడి మీదకి చెయ్యెత్తే వీల్లేదు. ఆర్థిక కష్టం కోపాన్ని పుట్టిస్తుంది, నిజమే. అది ఎవరి మీదకి మళ్లుతుందనేది కష్టాన్ని బట్టి తేలదు. అప్పటికే ఎవరు 'బయటివాళ్లు'గా ముద్రపడి ఉన్నారో దాన్ని బట్టి తేలుతుంది.

నీలిమ
అసలు ప్రశ్ననే కొంచెం తిప్పి అడగాలేమో. అభిప్రాయం మారుతోందా, లేక ఎప్పటి నుంచో ఉన్న అభిప్రాయం ఒక్కోసారి నెత్తికెక్కుతోందా?

జేమ్స్ డెన్నిసన్, ఆండ్రూ గెడ్డెస్ అనే పరిశోధకులు పశ్చిమ ఐరోపా దేశాల సర్వేలు తీసి 2019లో చూపించింది ఇదే. వలసల మీద జనం ఇష్టాయిష్టాలు ఏళ్ల తరబడి పెద్దగా కదలలేదు, కొన్ని దేశాల్లో కాస్త మెత్తబడ్డాయి కూడా. మారిందల్లా 'దేశం ముందున్న పెద్ద సమస్య ఏది?' అంటే వలసలు అని చెప్పేవాళ్ల శాతం. ఆ శాతం పెరిగినప్పుడే వలస వ్యతిరేక పార్టీలకు ఓట్లు పెరిగాయి.

బ్రిటన్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇప్సోస్ సంస్థ నెలవారీ సర్వేలో 2015 సెప్టెంబరులో 56 శాతం మంది వలసల పేరు చెప్పారు. 2016లో ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలన్న బ్రెగ్జిట్ ఓటు అయింది. 2020 నాటికి ఆ శాతం పది దరిదాపుల్లోకి దిగింది. మరి ఈలోగా వచ్చేవాళ్లు ఆగిపోయారా? లేదు. కొన్నేళ్లకు, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో, వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లు 9 లక్షలు దాటారు. వార్తలు వేరే విషయాల మీదకి పోయాయి, 'ఇక గేటు తాళం మన చేతిలోనే ఉంది' అన్న ధీమా వచ్చింది. తర్వాత చిన్న పడవల్లో ఫ్రాన్స్ వైపు నుంచి ఇంగ్లిష్ ఛానెల్ దాటి వచ్చేవాళ్ల బొమ్మలు రోజూ టీవీలో కనబడేసరికి ఆందోళన మళ్లీ లేచింది. ఆ పడవల్లో వచ్చేవాళ్లు మొత్తంలో చిన్న భాగం. అయినా ఆ దృశ్యం చూస్తే ఎవరూ ఏదీ అదుపు చేయడం లేదనిపిస్తుంది.

తీరందాటి
అంటే సంఖ్య కాదు, అదుపు అంటారా?

నీలిమ
సంఖ్యకు అసలు విలువే లేదని అనను. కెనడా వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పాలి.

మంచుదేశం
ఉన్నానండీ. చాలాకాలం మా దేశాన్ని అందరూ మినహాయింపుగా చూపించేవారు. 1967లో పాయింట్ల పద్ధతి పెట్టారు, చదువు, వయసు, భాష చూసి మార్కులేసి రానిచ్చేవారు. ఏ పార్టీ వచ్చినా వలసలకు అనుకూలమే. ఎన్విరానిక్స్ సంస్థ సర్వేలో 2022లో 'వలసలు మరీ ఎక్కువయ్యాయి' అన్నవాళ్లు 27 శాతమే. 2023లో 44. 2024లో 58. రెండేళ్లలో ఇది.

ఆ రెండేళ్లలో జనం జాత్యహంకారులుగా మారిపోయారా అంటే నేను నమ్మను. 2023లో జనాభా ఒక్క ఏడాదిలోనే మూడు శాతానికి పైగా పెరిగింది, అందులో ఎక్కువమంది స్టూడెంట్ వీసాల మీద, తాత్కాలిక పనుల మీద వచ్చినవాళ్లు. ఇళ్లు ఆ వేగంతో కట్టలేదు. అద్దె ఇల్లు వెతుక్కోవడం అంటేనే టెన్షన్. సర్వేలో జనం చెప్పిన కారణాల్లోనూ ఇళ్ల కొరత ముందుంది, ప్రభుత్వం సరిగా నడపడం లేదన్న మాటా ఉంది. 2024 అక్టోబరులో ప్రభుత్వమే దిగొచ్చి, 2025కి అనుకున్న 5 లక్షల శాశ్వత నివాసాల లక్ష్యాన్ని 3,95,000కి కోసేసింది.

ఇక్కడ ఎవరూ పైకి చెప్పని ముక్క ఒకటుంది. వలస వచ్చి స్థిరపడ్డవాళ్లలో కూడా 'చాలు, ఇక ఆపండి' అనేవాళ్లు తక్కువేం కాదు. మన సమావేశాల్లో విన్నాను, మనవాళ్ల నోటే.

గోడమీదపిల్లి
జనరల్ పెట్టెలోకి తోసుకుని ఎక్కేదాకా 'సర్దుకోండి బాబూ', ఎక్కాక 'చోటు లేదు, వేరే పెట్టె చూసుకో'. ఇంతకంటే పరిశోధన ఏం కావాలి?

లెక్కల మాస్టారు
పిల్లి గారూ నవ్వించారు, కానీ ఆ పెట్టెలో ఎంతమంది ఉన్నారో లోపలివాళ్లకి సరిగ్గా తెలియదు. అసలు తమాషా అదే. అల్బెర్తో అలెసీనా, స్టెఫానీ స్టాంచెవా అనే ఆర్థికవేత్తల బృందం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్వీడన్‌లలో అడిగి చూసింది. ఆరు దేశాల్లోనూ జనం వలసదారుల వాటాను ఉన్నదానికంటే చాలా ఎక్కువ అనుకుంటున్నారు. వలసదారులు నిజంగా ఉన్నదానికంటే పేదవాళ్లనీ, తక్కువ చదివినవాళ్లనీ కూడా అనుకుంటున్నారు.

తీరందాటి
అయితే అసలు లెక్క చెప్పేస్తే సరిపోదా మాస్టారూ?

లెక్కల మాస్టారు
ఆ ఆశ కూడా అడియాసే అయింది. హాప్కిన్స్ మరో ఇద్దరితో కలిసి అదీ పరీక్షించాడు. సరైన అంకె చెప్తే జనం తమ అంచనా సరిదిద్దుకుంటారు, అభిప్రాయం మాత్రం అక్కడే ఉంటుంది. ఎక్కువమంది ఉన్నారనుకోవడం వల్ల భయం పుట్టడం లేదన్నమాట. భయం ఉంది కాబట్టి ఎక్కువమంది ఉన్నట్టు కనిపిస్తోంది.

జపాన్‌ని చూడండి. అక్కడ విదేశీయులు జనాభాలో దాదాపు మూడు శాతం. ఇప్పుడు చెప్పుకున్న ఐరోపా దేశాల ముందు అదొక లెక్కే కాదు. అయినా 2025 జులైలో ఎగువసభ ఎన్నికల్లో 'జపనీయులకే మొదటి స్థానం' అన్న సన్సెయితో పార్టీ 14 సీట్లు గెలిచింది.

సూటిమాట
మూడు శాతమే అయినా ఎంత వేగంగా పెరిగిందో చూడాలి కదా. ముప్పై ఏళ్ల కింద ఎక్కడా కనబడనివాళ్లు ఇప్పుడు ప్రతి దుకాణంలో కనబడుతుంటే మనిషికి తేడా తెలుస్తుంది.

లెక్కల మాస్టారు
ఇది మాత్రం ఒప్పుకుంటాను. హాప్కిన్స్ 2010లో రాసింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఒక చోట ఎంతమంది వలసదారులు ఉన్నారన్నది పెద్దగా పనిచేయదు, ఉన్నట్టుండి పెరగడం పనిచేస్తుంది. అదీ ఒక్కటే చాలదు. అదే సమయంలో దేశస్థాయిలో నాయకులు, మీడియా ఆ విషయం మీదే మాట్లాడుతూ ఉండాలి. అప్పుడే పక్కవీధిలో కనిపించిన మార్పు రాజకీయంగా మారుతుంది. ఆ గోల లేని ఏళ్లలో అదే మార్పు చడీచప్పుడు లేకుండా పోతుంది.

రేవు కబుర్లు
మరి దగ్గరగా మసిలితే ద్వేషం తగ్గుతుంది అంటారే? ఆ మాటకు రంగూన్ ఒప్పుకోదు. అక్కడ పక్కపక్కనే పనిచేశారు.

నీలిమ
ఆ మాట గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్తది, 1954. కానీ ఆయన ఊరికే దగ్గరుంటే చాలనలేదు. ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి అన్నాడు. రంగూన్ రేవులో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు. ఒకరి పని తీసి ఇంకొకరికి ఇచ్చే ఏర్పాటు అది.

నాకు బాగా నచ్చిన పోలిక 2015 శరణార్థుల కాలానిది. టర్కీ తీరానికి ఎదురుగా ఉన్న గ్రీకు దీవుల్లో వేలమంది పడవల్లో దిగి, కొద్ది రోజుల్లో ఐరోపా లోపలికి వెళ్లిపోయేవారు. ఆ దీవుల జనంలో వ్యతిరేకత పెరిగిందని తర్వాత పరిశోధనల్లో తేలింది. అదే ఏడాది ఎగువ ఆస్ట్రియాలో రెండు రకాల ఊళ్లున్నాయి. సరిహద్దు పక్కన ఉన్న ఊళ్ల గుండా జనం నడిచి వెళ్లిపోయారు. లోపలి కొన్ని ఊళ్లలో శరణార్థులకు నివాసం ఇచ్చారు. మొదటి రకం ఊళ్లలో వలస వ్యతిరేక ఫ్రీడమ్ పార్టీకి ఓట్లు పెరిగాయి. రెండో రకం ఊళ్లలో, మిగతా చోట్లతో పోలిస్తే, తగ్గాయి.

ఎందుకంటే గుంపుగా దాటిపోయేవాళ్లు గుంపుగానే గుర్తుంటారు. ఆగినవాళ్లు పేర్లున్న మనుషులవుతారు, వాళ్ల పిల్లలు బడికి వస్తారు, ఊరివాళ్లు బట్టలు పట్టుకెళ్లి ఇస్తారు. మంచో చెడో ఒక పరిచయం ఏర్పడుతుంది.

బోస్టన్ శివార్లలో ర్యాన్ ఈనోస్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే. శ్వేతజాతీయులు ఎక్కువగా ఉండే చోట్ల రైల్వే ప్లాట్‌ఫాం మీద రోజూ ఇద్దరు స్పానిష్ మాట్లాడే యువకుల్ని నిలబెట్టాడు. వాళ్లు ఎవరినీ పలకరించలేదు, ఊరికే రైలు కోసం నిలబడ్డారు. కొద్దిరోజులకే రోజువారీ ప్రయాణికుల అభిప్రాయాలు వలసలకు వ్యతిరేకంగా గట్టిపడ్డాయి. వాళ్లలో చాలామంది ఉదారవాదులమని చెప్పుకునేవాళ్లే! ఇంకొన్నాళ్లు చూశాక ఆ బిగువు కొంత సడలింది.

పాత అట్లాస్
కాలం గడిస్తే అంతా సర్దుకుంటుందన్న ధోరణి వస్తోంది ఇక్కడ. నాకది మింగుడుపడదు. టర్కీ చూడండి. 2011 తర్వాత సిరియా నుంచి వచ్చినవాళ్లను 'అతిథులు' అన్నారు. మొదట్లో సానుభూతి బాగానే ఉంది. లెక్క 36 లక్షలు దాటింది, యుద్ధం ఆగలేదు, అతిథులు వెళ్లలేదు. ధరలు మండిపోయాయి. 2023 అధ్యక్ష ఎన్నికల రెండో విడతలో ప్రతిపక్ష అభ్యర్థి కిలిచ్‌దారోగ్లు ప్రధాన హామీయే వాళ్లను పంపించేస్తామని. పన్నెండేళ్లు పక్కనే ఉన్నా పరిచయం ప్రేమగా మారలేదు.

నా లెక్కలో తప్పు మొదటి మాటలోనే ఉంది. అతిథి అన్నాక ఎప్పుడు వెళ్తాడా అని చూస్తారు. ఉండిపోతారని ముందే చెప్పి, చట్టబద్ధంగా పని, హక్కులు ఇచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదా? ఉండేదేమో. కనీసం తమను మోసం చేశారన్న కోపం ఉండేది కాదు.

ఇంకో మాట. 'ఎవరు వస్తున్నారు' అన్నదాన్ని మీరంతా మర్యాదగా దాటేస్తున్నారు. 2021లో బెలారుస్ సరిహద్దు అడవుల్లో ఇరాకీలను, అఫ్గాన్లను పోలండ్ వెనక్కి తోసింది. కొన్ని నెలలకు, 2022లో, లక్షలాది ఉక్రెయిన్ శరణార్థులను అదే పోలండ్ జనం సొంత ఇళ్లలో పెట్టుకున్నారు. అప్పుడు వేగం గురించి, ఇళ్ల గురించి ఎవరూ అడగలేదు.

రేవు కబుర్లు
'ఎవరు' అన్న గీత కూడా జరుగుతుంటుంది అట్లాస్ గారూ. 1751లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెన్సిల్వేనియాలో జర్మన్లు నిండిపోతున్నారని వాపోయాడు. 1850లలో ఐరిష్ క్యాథలిక్‌లకు వ్యతిరేకంగా ఏకంగా ఒక పార్టీయే నడిచింది. 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం. 1891లో న్యూఆర్లీన్స్‌లో 11 మంది ఇటలీవాళ్లను మూక చంపేసింది. 1923లో మన దేశం నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్‌కి పౌరసత్వం కుదరదని అక్కడి సుప్రీంకోర్టే తేల్చింది, తెల్లవాడు కాదన్న కారణంతో. భారతీయులకు 1946లో కోటా ఇచ్చారు, ఏడాదికి 100 మంది! ఆ ఐరిష్ క్యాథలిక్‌ల మునిమనవడు జాన్ కెనెడీయే 1960లో అధ్యక్షుడిగా గెలిచాడు.

సూటిమాట
ఎందుకు గెలిచాడో కూడా చెప్పండి. 1924లో కోటాల చట్టంతో గేటు మూసేశారు. విదేశాల్లో పుట్టినవాళ్ల వాటా 1910లో 14.7 శాతం, 1970కి 4.7 శాతం. ఆ విరామంలో పాతవాళ్లు కలిసిపోయారు. గేటు తెరిచే ఉంచితే కలిసేవారా?

లెక్కల మాస్టారు
ఈ వాదనకు బరువుంది, చరిత్రకారుల్లోనూ చాలామంది అంటారు. కానీ రెండు సంగతులు పక్కన పెట్టుకోండి. ఆ మధ్యలో ఒక ప్రపంచయుద్ధం జరిగింది, అన్ని జాతుల కుర్రాళ్లూ ఒకే యూనిఫాంలో పోరాడారు. ఆ తర్వాత ఆర్థికంగా మంచికాలం. వీటిలో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. రెండోది, రాన్ అబ్రమిట్స్కీ, లియా బౌస్టన్ అనే ఆర్థికవేత్తలు పాత జనగణన కాగితాలన్నీ తవ్వి తేల్చింది ఏమంటే, నేటి వలసదారుల పిల్లలు ఆనాటి వాళ్ల పిల్లల్లాగే పైకి ఎక్కుతున్నారు. 1965లో గేటు మళ్లీ తెరిచాక వచ్చినవాళ్ల సంగతి ఇది. కలవడం ఆగలేదు. అది జనానికి కనబడటానికే ఒక తరం పడుతుంది.

గోడమీదపిల్లి
బ్రిటన్‌లోని లెస్టర్ నగరం సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1972లో నియంత ఇదీ అమీన్ తరిమేసిన ఉగాండా భారతీయులు బ్రిటన్ వస్తుంటే, ఆ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది: మా ఊరు రావద్దు, ఇక్కడ ఇళ్లూ లేవు, బడుల్లో చోటూ లేదు అని. ఆ ప్రకటన చూశాకే అసలు అలాంటి ఊరొకటి ఉందని చాలామందికి తెలిసిందంటారు! వేలమంది అక్కడే దిగారు. తర్వాత ఆ ఊరే తన బహుళ సంస్కృతి గురించి గొప్పగా చెప్పుకుంది.

ఇక మన దగ్గర ముల్కీ గొడవల సంగతి కూడా...

నిర్వాహకుడు
పిల్లి గారూ, అది తెరిస్తే ఈ చర్చ తెల్లారినా తెగదు. దేశం లోపలి వలసలకు వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ దేశాల మధ్య వలసల వరకే.

తీరందాటి
అందరికీ థాంక్స్. నా మొదటి ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. 2024లో 55, 2025లో 30. ఒక్క ఏడాదిలో తరం మారదు, పరిచయాలు పెరగవు, జనాభా కూడా మారదు.

నీలిమ
దానికి క్రిస్టోఫర్ వ్లెజియెన్ అనే రాజనీతి పరిశోధకుడు 1990లలో చెప్పిన సూత్రం సరిపోతుంది. ప్రభుత్వం ఒకవైపు మరీ ఎక్కువ వెళ్లిందనిపిస్తే జనం రెండోవైపు లాగుతారు. బైడెన్ కాలంలో సరిహద్దు వదిలేశారనిపించింది, 'తగ్గించండి' అన్నారు. ట్రంప్ వచ్చాక సరిహద్దు దాటేవాళ్లు బాగా తగ్గారు, ఆపైన దేశంలోపల అరెస్టులు, బహిష్కరణలు మొదలయ్యాయి. 'ఇంత వద్దు' అన్నారు. 2017 తర్వాత కూడా ఇదే జరిగింది, మీరు చెప్పిన 2020 అంకె ఆ కాలానిదే.

సూటిమాట
అంటే ట్రంప్ విధానం పనిచేసిందనే కదా అర్థం. సరిహద్దు అదుపులోకి వచ్చింది, జనం ఊరుకున్నారు.

నీలిమ
కొందరి విషయంలో అదే నిజం. రిపబ్లికన్లలో తగ్గించాలన్నవాళ్లు 88 నుంచి 48 శాతానికి పడ్డారు. వాళ్లు వలసలను ఉన్నట్టుండి ప్రేమించలేదు, తమవాడు చూసుకుంటున్నాడని నిశ్చింతగా ఉన్నారు. మిగతావాళ్లలో చాలామందిది ఎదురు తిరగడం. పైకి ఒకే గీత, లోపల రెండు వేర్వేరు మనసులు.

లెక్కల మాస్టారు
అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చూడండి: 'మొత్తం మీద వలసలు దేశానికి మంచివా, చెడ్డవా?' తగ్గించమన్నవాళ్లు 55 శాతం ఉన్న 2024లోనే మంచివే అన్నవాళ్లు 64 శాతం. 2025లో 79. అంటే 2024లో చాలామంది ఒకే నోటితో 'మంచివే, కానీ తగ్గించండి' అన్నారు. అందులో వైరుధ్యం లేదు. మొదటిది వలసదారుల మీద అభిప్రాయం, రెండోది ప్రభుత్వానికి వేసిన మార్కు. మీ గ్రాఫ్‌లో ఎక్కువగా ఊగింది ఆ రెండోదే.

సూటిమాట
64 నుంచి 79కి పోవడం ఊగడం కాదా మాస్టారూ? పదిహేను శాతం అది.

లెక్కల మాస్టారు
ఊగడమే. పాతిక పక్కన పెడితే చిన్నది, అంతే. ఆ పదిహేనులో ఎంత నిలుస్తుందో వచ్చే పార్టీ అధికారంలోకి వచ్చాక అడిగితే తెలుస్తుంది.